కరెంటు దొంగను పట్టిన బిస్కెట్ల డబ్బా

ఉల్లసే దీవిలో ఒక ఇంటికి కరెంటు పోయిందంటే రెండు సంగతులు ఖాయం. ఒకటి, ఆ ఇంట్లోవాళ్ళు తమ వాటా దాటి వాడారు. రెండు, ఇంకాసేపట్లో మార్సలి వస్తుంది. మొదటిదానికి ఎవరూ పెద్దగా బాధపడరు. రెండోదంటేనే హడలు.

దీవిలో ఉన్నవి నలభై మూడు ఇళ్ళు. అవతలి గట్టు నుంచి వాటికి కరెంటు తీగ రాదు. కొండమీద మూడు గాలిమరలు, వాగు దగ్గర ఒక చిన్న టర్బైను, బడి వెనక నాలుగు వరసల సౌరపలకలు. ఇవన్నీ ఇచ్చింది బ్యాటరీల కొట్టంలో దాచుకుని అందరూ పంచుకుంటారు. ఇంటికి ఐదు కిలోవాట్లు హద్దు. కెటిల్ పెట్టి, ఓవెన్ వేసి, పైగా బట్టల మిషను కూడా తిప్పితే గోడ బయట పెట్టెలో మీట టక్కున పడిపోతుంది. ఆ పెట్టె తాళంచెవి మార్సలి మెక్యూష్ కోటు జేబులో ఉంటుంది. దీవి కరెంటు సంఘం వాళ్ళు దీనికి జరిమానా ఏమీ పెట్టలేదు. మార్సలే జరిమానా.

కబురు అందగానే ఆమె బయల్దేరేది గానీ, పది నిమిషాల దారిని ముప్పావుగంట నడిచేది. దారిలో ఎదురైన గొర్రెను కూడా పలకరించేది. ఇంటికొచ్చాక వెంటనే మీట ఎత్తేదా? అబ్బే. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఊఁ, చెప్పండి. ఏమేం వేశారు?" అనేది.

"కెటిల్ వేశానంతే."

"ఒక్క కెటిల్‌కి పడిపోయేంత బలహీనపు మీట కాదమ్మా అది. దానికి తోడు ఎవరున్నారు?"

"ఓవెను."

"ఇంకా?"

"జుట్టు ఆరబెట్టుకునే మిషను."

"మంగళవారం మధ్యాహ్నం జుట్టు ఆరబెట్టుకోవడమా! ఎవరొస్తున్నారేంటి ఇంటికి?"

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, పంతులమ్మ ఎవరికోసం జుట్టు ఆరబెట్టుకుందో దీవి మొత్తానికీ తెలిసిపోయేది. అందుకే కొందరు కెటిల్ పెట్టేముందు ఇల్లంతా తిరిగి ఏమేం వెలుగుతున్నాయో చూసుకునేవారు. పాస్టరు ప్రసంగాల వల్ల రాని నిగ్రహం మార్సలి వల్ల వచ్చిందని సంఘం వాళ్ళే అనేవారు.

ఆమె పుట్టింది ఆ దీవిలోనే, కిరోసిన్ దీపం వెలుగులో. తండ్రి రేవులో ఓడ తాళ్ళు పట్టి కట్టే మనిషి. ఆయన నడుము పోయాక, పందొమ్మిదో ఏట ఆ పని మార్సలి అందుకుంది. ఆడపిల్ల తాడు విసరడమేమిటని రేవులో నలుగురు నవ్వారు. మొదటివారమే ఆ నలుగురిలో ఒకడి టోపీని తాడుతో కొట్టి నీళ్ళలో పడేసింది. గురి తప్పిందని ఆమె చెప్పింది. తప్పలేదని అందరికీ తెలుసు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. నలభై ఏళ్ళు ఎండనక వాననక అదే రేవులో నిలబడింది.

ఆ రోజుల్లో ఇంటింటికీ ఒక డీజిల్ ఇంజను ఉండేది. దాని మోత, దాని కంపు, సాయంత్రం రెండు మూడు గంటలే వెలుతురు. దీవి సొంత కరెంటు వచ్చిననాటికి ఆమెకి నలభై ఏడేళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం ఇంజన్లన్నీ ఆపేస్తే, ఎన్నేళ్ళ తరవాతో కొండమీది వాగు చప్పుడు ఊళ్ళోకి వినిపించింది. కొందరు పెద్దవాళ్ళు బల్బు వంక కాకుండా కిటికీ వంక చూస్తూ కూర్చున్నారు. ఆ చప్పుడు విన్నదాన్ని కాబట్టే, ఎవరైనా కరెంటుని నీళ్ళలా పారబోస్తే నాకు ఒళ్ళు మండుతుందని మార్సలి ఎప్పుడో ఒకసారి అంది. మామూలుగా ఇలాంటి మాటలు ఆమె నోట రావు.

పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాడు ఒకడే, రెండుసార్లు అడిగాడు. ఓడలో ఇంజను చూసే లాక్లన్. ఆమెతోపాటు బళ్ళో చదువుకున్నవాడే. ఓడ పైనుంచి అతను, గట్టుమీద నుంచి ఆమె ముప్ఫై ఏళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉద్యోగం చేశారు. అతను పెళ్ళి మాట ఎత్తిన రెండుసార్లూ సరిగ్గా అప్పుడే ఓడ కూత కూసిందనీ, తనకేమీ వినపడలేదనీ మార్సలి చెప్పేది. ఎంతవరకు నిజమో ఓడకే తెలియాలి.

ఆ కూతలే చివరికి ఆమె చెవిని తినేశాయి. అరవై దాటాక కుడి చెవి మొండికేసింది. కళ్ళజోడు కోసమని అబద్ధం చెప్పి అవతలి గట్టుకి వెళ్ళి, చెవిలో పెట్టుకునే మిషను తెచ్చుకుంది. ముసలిదాన్నయ్యానని లోకానికి చాటడం ఇష్టంలేక, ఉన్ని టోపీ చెవులమీదికి లాగి, జూన్ నెలలో కూడా తియ్యకుండా తిరిగేది. ఆ మిషనుకి ఒక జబ్బు ఉంది. దానిమీద అరచెయ్యి డొప్పలా మూస్తే కీ... మని ఈల వేస్తుంది. మొదట్లో ఆమె దానికి బెదిరింది. తరవాత మెల్లిగా ఇష్టపడింది.

ఆమెకి అరవై నాలుగేళ్ళప్పుడు, ఫిబ్రవరిలో, గాలి చచ్చిపోయింది.

పశ్చిమ సముద్రంలో పడివున్న దీవికి గాలి లేకపోవడమంటే చేపకి నీళ్ళు లేకపోవడమే. ఆరు రోజులు ఆకు కదల్లేదు. పైనుంచి మంచు, చుట్టూ పొగమంచు. వాగు గడ్డకట్టింది. గాలిమరలు మూడూ చేతులు చాపి దిష్టిబొమ్మల్లా నిలబడ్డాయి. ఓడేమో మరమ్మతుకి పోయి పదిరోజులైంది, వచ్చే సోమవారం దాకా రాదు. రేవు గోడమీది ఎర్రదీపం వెలిగింది. పచ్చదీపమైతే ఇష్టంగా వాడుకోండని, ఎర్రదీపమైతే ఒళ్ళు దగ్గర పెట్టుకోండని అర్థం.

సమస్య ఏమిటంటే ఆ శనివారమే లాక్లన్ తల్లి పేగీ పెద్దమ్మకి తొంభై నిండుతాయి. ఊరి హాల్లో విందు, ఫిడేళ్ళు, నాట్యం. బ్యాటరీలో ఐదో వంతుకన్నా తగ్గితే హాలుకి తాళం వెయ్యాలి, మిగిలిన కాస్త డీజిల్‌తో ఇంజను తిప్పి నర్సమ్మ మందుల గదికి, దుకాణానికి మాత్రమే కరెంటు ఇవ్వాలి. సంఘం నియమం అది.

బుధవారం హాల్లో అందర్నీ పోగుచేశారు. అవతలి గట్టున ఎక్కడో దక్షిణపు ఊళ్ళనుంచి వచ్చి నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్న డెంజిల్ అనే ఆయన లేచి, తను అచ్చువేసిన కాగితాలు పంచాడు. 'ఇంట్లో కరెంటు పొదుపుకి ఇరవై ఏడు సూత్రాలు.' గిన్నెమీద మూత పెట్టండి, కప్పు టీకి కప్పు నీళ్ళే మరిగించండి, కిటికీ సందులు మూయండి, ఇలాంటివి. తప్పులేమీ లేవు వాటిలో. అందరూ తల ఊపారు. అందరూ ఒట్టేశారు. మేమన్నీ ఆపేశాం అన్నారు.

గురువారం పొద్దున్న మార్సలి కొట్టంలోకి వెళ్ళి చూస్తే బ్యాటరీ నిన్నటికన్నా కిందికి దిగింది. మూడో వంతు మిగిలింది. అంతమంది ఒట్లు వేసినా మీటరు ముల్లు మాత్రం వాళ్ళ మాట వినలేదు. పోనీ ఎవరింట్లోనైనా మీట పడిందా అంటే అదీ లేదు. హద్దులోనే ఉంటూ ఎవరో దర్జాగా తాగేస్తున్నారు.

ఆమె ఇంటికి వచ్చి టీ పెట్టుకుని ఆలోచించింది. గూట్లో ఓట్స్ బిస్కెట్ల డబ్బా కనబడింది. అందులో గుండీలు ఉన్నాయి. మూతకి ఒక చిల్లు పొడిచి అల్లిక సూది నిలబెట్టింది. పక్కన ఎర్రతీగ ఒకటి చుట్టింది. చెవి దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంది. గొప్పగా ఉంది.

నేరుగా ఇష్‌బెల్ దుకాణానికి వెళ్ళింది. దీవిలో ఏ వార్తయినా అక్కడ ఒక చెవిలో వేస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది.

"ఇదేంటక్కా?" అంది ఇష్‌బెల్, గల్లా వెనకనుంచి మెడ చాచి.

"పరీక్షకోసం పంపించారు. కరెంటు ఎక్కడ వృథా అవుతుందో అక్కడ ఈల వేస్తుంది. గోడ వెనకున్నా, మంచం కిందున్నా సరే. ఇవాళ రేపట్లో ఇల్లిల్లూ తిరుగుతాను."

"అందులో గుండీలు గలగలమంటున్నాయేంటి?"

"గుండీలు కావే. స్ఫటికాలు."

ఇష్‌బెల్ మొహం కాస్త మారింది. మార్సలి డబ్బా ఎత్తిపట్టుకుని దుకాణంలో ఒక చుట్టు చుట్టింది. పాలసీసాల దగ్గర చప్పుడు లేదు. కూరల దగ్గర లేదు. వెనకగది తలుపు దగ్గరకొచ్చేసరికి ఇష్‌బెల్ గబగబా అడ్డం వచ్చింది. అదే చాలు మార్సలికి. డబ్బా చెవిదగ్గర పెట్టుకుని చెయ్యి డొప్పలా మూసింది.

కీ...

"అయ్యో! అక్కా, చెప్తాను, చెప్తాను!"

వెనకగదిలో రెండో ఫ్రీజరు ఉంది. నిండుగా తిరుగుతోంది. మూత తీస్తే లోపల జానెడు పొడుగు మంచుబొమ్మ ఒక్కటే ఉంది. రెండు నల్లరాళ్ళ కళ్ళు, కేరట్ ముక్క ముక్కు. "మా మనవరాలు చేసింది," అంది ఇష్‌బెల్ సిగ్గుపడుతూ. "వెళ్ళేటప్పుడు, అమ్మమ్మా దీన్ని కరగనివ్వకు అంది."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది."

"ఇప్పుడా పిల్లకి ఎన్నేళ్ళు?"

"పదిహేను."

మార్సలికి నవ్వు ఆగలేదు. కానీ బొమ్మని తీసి బయట పారెయ్యమనలేదు. బయటే కదా అసలు చలి ఉంది! ఇద్దరూ కలిసి దాన్ని మోసుకెళ్ళి దుకాణం కిటికీ గట్టుమీద నిలబెట్టారు. ఫ్రీజరు ఆపేశారు. తీరా చూస్తే అది మంచుబొమ్మకి మొదటి షికారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మధ్యాహ్నానికల్లా దీవిలో సగంమంది తమ ప్లగ్గులు తామే పీకేశారు. డబ్బా ఇంకా వాళ్ళ గుమ్మం తొక్కనే లేదు. తొక్కిన చోటా మార్సలి పనేమీ చెయ్యక్కర్లేకపోయింది. ఇంటివాళ్ళ కళ్ళు ఏ మూలకి పరిగెత్తుతున్నాయో చూసి, అటు తిరిగి, చెవి మూసుకునేది. మీటలు పడిన ఇళ్ళల్లో పదిహేడేళ్ళు కూర్చుని మొహాలు చదివిన మనిషి ఆమె.

పాస్టరు గారి ఇంట్లో మెట్లకింద అల్మారా దగ్గర ఈల మోగింది.

"అది... దేవుడి పనికి సంబంధించినదమ్మా," అన్నాడాయన.

తలుపు తీస్తే కళ్ళు జిగేల్మన్నాయి. గులాబీరంగు దీపాలకింద పన్నెండు కుండీలు, పన్నెండు మిరప మొక్కలు. ఎర్రగా గుత్తులు గుత్తులుగా కాయలు. ఆదివారం పూట శరీర సుఖాల్ని జయించండని గంటసేపు చెప్పే మనిషి, సోమవారం నుంచి శనివారం దాకా కళ్ళు తుడుచుకుంటూ మిరపకాయల కూర తింటున్నాడన్నమాట.

"ఇది వ్యసనం కాదు కదా, మార్సలి గారూ?" అన్నాడు దీనంగా.

"నాకేం తెలుసండీ, మీరే చెప్పాలి. ఆ కుండీల్ని దక్షిణపు కిటికీలో పెట్టండి. సూర్యుడు వచ్చినప్పుడు వస్తాడు. శనివారం విందుకి ఒక గిన్నెడు కాయలు తెండి. అప్పుడు నేనేమీ చూడనట్టే."

డెంజిల్ ఇంటికి ఆమె చాలా ఉత్సాహంగా వెళ్ళింది. ఇరవై ఏడు సూత్రాలు రాసినవాడింట్లో ఇరవై ఎనిమిదోది ఏం దాక్కుందోనని. తీరా వెళ్ళి చూస్తే మనిషి మూడు స్వెట్టర్లు, చేతితొడుగులు వేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఇల్లు బయటకన్నా పెద్ద వెచ్చగా ఏమీ లేదు.

"పదకొండు డిగ్రీలు," అన్నాడు గర్వంగా, పళ్ళు కటకటలాడుతుంటే.

ఆమెకి మొదటిసారి ఈల వెయ్యాలనిపించలేదు. జేబులోంచి బాతు ఈక తీసి తలుపు సందు దగ్గర పట్టుకుంది. ఆ కాస్త గాలికే ఈక ఊగిపోయింది. "చూశారా బాబూ, సందులన్నీ తెరిచి పెట్టుకుని మీరు స్వెట్టర్లు వేసుకుంటున్నారు. స్వెట్టరు తలుపుకి వెయ్యాలి." పాత దుప్పటి చింపి, చుట్టలు చుట్టి ఇద్దరూ సందుల్లో కుక్కారు. అప్పుడు ఆమె చూపు మూలనున్న పెద్ద అచ్చు మిషనుమీద పడింది. దానిమీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. ఇంట్లో వెచ్చగా ఉన్న వస్తువు అదొక్కటే.

"ఇది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందా?"

"అప్పుడప్పుడూ కాగితాలు వెయ్యాలి కదా అని..." డెంజిల్ మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరుచుకుంది.

"కరెంటు పొదుపు చెయ్యండని చెప్పడానికే దీవి కరెంటు తాగుతున్నారన్నమాట."

అతను ఆ ప్లగ్గు పీకిన తీరు చూస్తే పాము తోక పట్టుకున్నట్టుంది. పాపం, నిజంగా బాధపడ్డాడు. ఇలా వణుకుతూ కూర్చుంటే జబ్బు చేస్తుందని, మార్సలి అతన్ని చెయ్యిపట్టి లాక్కుని లాక్లన్ ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ పొయ్యిలో, బురదనేలలోంచి కోసి ఎండబెట్టిన పీటుగడ్డలు పొద్దస్తమానం రాజుకుంటూ ఉంటాయి.

లాక్లన్ తలుపు తీసి, డబ్బావంక, ఆమెవంక చూశాడు. పేగీ పెద్దమ్మ పొయ్యి పక్కన మేజోడు అల్లుకుంటోంది.

"ఏమే మార్సలీ, బిస్కెట్లు పంచుతున్నావా?" అన్నాడతను.

"నీకు బిస్కెట్లు కూడానా? దొంగసామాను ఎక్కడుందో చెప్పు."

"వెతుక్కో."

ఆమె వెతికింది. అతని కళ్ళు ఎటూ పరిగెత్తలేదు, ఆమె మొహంమీదే ఉన్నాయి. ఆ కళ్ళల్లో నవ్వు కూడా ఉంది. చేసేదిలేక పక్కగది వైపు తిరిగి చెవి మూసింది. ఈల మోగింది.

లాక్లన్ తల ఒకపక్కకి వంచి విన్నాడు. నలభై ఏళ్ళు ఇంజన్ల రొద విని, ఏ బోల్టు వదులైందో చెప్పగల మనిషి. "డబ్బాలోంచి రావట్లేదే ఆ ఈల," అన్నాడు మెల్లిగా. "టోపీలోంచి వస్తోంది."

"నీకు చాదస్తం."

"చెవి మిషను పెట్టించుకున్నావు."

డెంజిల్‌కి వినపడకుండా అన్నాడు కాబట్టి మార్సలి బతికిపోయింది. "నోరు మూసుకోరా," అంది పళ్ళ మధ్యనుంచి. "ఎవరికైనా చెప్పావంటే తాడు తెస్తాను."

"చెప్పనులే. అయితే ఇప్పుడు నీకు బాగానే వినపడుతుందన్నమాట. ఒకమాట అడగనా?"

మార్సలి వెంటనే చేత్తో చెవి మూసుకుంది. కీ... మని ఇల్లంతా మోగింది.

"ఓడ కూతకన్నా ఇదే నయం," అంది పేగీ పెద్దమ్మ, అల్లికలోంచి తల ఎత్తకుండానే.

పక్కగదిలో ఏముందో మార్సలి తరవాత చూసింది. లాక్లన్ ముసలి కుక్క బోసన్, కీళ్ళ నొప్పులకని కరెంటు దుప్పటి కప్పుకుని రాజులా పడుకుని ఉంది. ఆమె దుప్పటి ప్లగ్గు తీసి, కుక్కని ఎత్తుకొచ్చి పొయ్యి ముందు, సరిగ్గా డెంజిల్ కాళ్ళమీద పడుకోబెట్టింది. కాసేపటికి ఇద్దరికీ వణుకు తగ్గింది.

శుక్రవారం పొద్దున్న ఆమె విజయోత్సాహంతో కొట్టానికి వెళ్ళింది. ముల్లు నెమ్మదించింది. నిజమే. కానీ ఆగలేదు. పావువంతు దగ్గరకొచ్చింది.

అప్పుడిక పంతం పక్కనపెట్టి, అవతలి గట్టున ఉండే ఇంజనీరు పిల్ల రోనాకి ఫోన్ చేసింది. రోనాకి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. కొట్టంలో మీటర్లన్నీ ఆమె బిగించినవే.

"ఒక్కో లైను మీటరూ చదివి చెప్పండి పిన్నీ," అంది. మార్సలి చదివింది. రోనా కూడింది. మళ్ళీ కూడింది.

"మీరు చెప్పిన ఐదు లైన్లూ కలిపితే లెక్క తేలట్లేదు. ఆరోది ఏదీ?"

"ఆరోది రేవుదమ్మా. ఓడే లేదు, రేవులో ఏముంటుంది? అందుకే చూడలేదు."

"ఒకసారి చూడండి."

చూసింది. చూసి ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పిన్నీ? ఉన్నారా?"

"రాత్రనక పగలనక మూడు కిలోవాట్లు," అంది మార్సలి చిన్నగొంతుతో.

నవంబరులో మొదటి మంచు పడ్డప్పుడు, రేవు దగ్గర ప్రయాణికుల మరుగుదొడ్లలో పైపులు పగిలిపోతాయని హీటరు వేసింది. తనే వేసింది. ఓడ వెళ్ళిపోయాక మరుగుదొడ్లకి తాళం కూడా తనే వేసింది. హీటరు సంగతి మరిచిపోయింది. ఊరంతా దొంగని వెతికిన మనిషి జేబులోనే దొంగ ఇంటి తాళంచెవి ఉంది.

మొదట ఆమెకి వచ్చిన ఆలోచన అంత గొప్పదేమీ కాదు. ఎవరూ చూడకుండా వెళ్ళి కట్టేసి వస్తే సరి. రోనా ఎవరికీ చెప్పదు. డబ్బా మహిమ వల్లే ముల్లు ఆగిందంటారు. ఇంకా పదేళ్ళు ఆ పేరుమీద బతకొచ్చు. ఆ ఆలోచనతోనే రేవుకి నడిచింది. ఈసారి గొర్రెల్ని పలకరించలేదు.

రేవు దగ్గర ఇష్‌బెల్ నిలబడి ఉంది. పంతులమ్మ, ఇంకో అరడజనుమంది కూడా. అందరి చేతుల్లో చేపముక్కల పళ్ళేలు. "బిసీ, బిసీ" అని పిలుస్తున్నారు. నాలుగురోజులుగా దీవిలో పిల్లులు కనబడటం లేదట. మరుగుదొడ్డి గోడవెనకనుంచి మ్యావ్‌మని వినిపిస్తోందట.

"మంచి సమయానికి వచ్చావక్కా," అంది ఇష్‌బెల్. "తాళంచెవి నీ దగ్గరే కదా?"

మార్సలికి పారిపోయే దారి లేదు. తాళం తీసింది. తలుపు తెరవగానే లోపలినుంచి వేసవికాలం వచ్చి మొహాన తగిలింది. గోడ పైనున్న గాలి కంతలోంచి దూరిన పిల్లులు, పదకొండు, హీటరు చుట్టూ, సబ్బుగూటిలో, తొట్లలో, ఒకదానిమీద ఒకటి పడి హాయిగా నిద్రపోతున్నాయి. ఒక్కటి మాత్రం కన్ను తెరిచి, తలుపు వెయ్యండి చలి వస్తోంది అన్నట్టు చూసింది.

ఇష్‌బెల్ హీటరు వైపు చూసింది. డబ్బా వైపు చూసింది.

"అక్కా, ఇక్కడ ఈల వెయ్యలేదేం?"

మార్సలి టోపీ తీసింది. చెవిలోంచి మిషను తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. డబ్బా మూత తీసి గుండీలు చూపించింది. "హీటరు వేసింది నేనే. మరిచిపోయిందీ నేనే. మీ ఇళ్ళల్లో మోగింది ఇది," అంది. సగంమందికి కోపం రావాలో నవ్వాలో తెలియలేదు. ఇష్‌బెల్‌కి కోపమే వచ్చింది. కాసేపే.

"అయితే ఊఁ, చెప్పు," అంది, పళ్ళెం కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గడపమీద కూర్చుని. "ఇంకా ఏమేం వేశావు?"

అంతే, ఒకరి తరవాత ఒకరు కూర్చున్నారు. కబురు తెలిసి లాక్లన్ వచ్చాడు, పాస్టరు వచ్చాడు. గంటన్నరసేపు ఆమెని అడగని ప్రశ్న లేదు. కళ్ళజోడుకని వెళ్ళి చెవి మిషను తెచ్చుకున్న సంగతి, టోపీ సంగతి, నలభై అయిదేళ్ళ కిందట ఎవరి టోపీ నీళ్ళలో పడింది గురి తప్పా గురి చూసా అన్న సంగతి, అన్నీ కక్కించారు. పాస్టరు మాత్రం మిరపకాయల ఊసు వస్తుందేమోనని ఎక్కువ అడగలేదు.

హీటరు కట్టేశాక ముల్లు ఆగింది. పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. హాలు తెరవడానికి అంతే చాలు, అయితే ఓవెన్లు, గ్రిల్లులు కుదరవు. శనివారం పొద్దున్నే మార్సలి నాలుగు చెక్కపెట్టెలు తెచ్చి ఎండుగడ్డి కూరింది. లాక్లన్ పొయ్యిమీద చారు, మాంసం ఒక పొంగు రాగానే గిన్నెల్ని గడ్డిలో పాతిపెట్టి మూత బిగించింది. సాయంత్రానికి అవి వాటంతటవే ఉడికి, పొగలు కక్కుతూ హాలుకి వచ్చాయి. ఇది మా అమ్మ చేసేదని పేగీ పెద్దమ్మ అంటే, డెంజిల్ వెంటనే జేబులోంచి కాగితం తీశాడు.

"అచ్చు వెయ్యకు బాబూ," అంది మార్సలి. "చేత్తో రాసుకో."

దీపాలు నాలుగే వెలిగించారు. ఫిడేళ్ళకి కరెంటు అక్కర్లేదు. డెబ్భైమంది గెంతుతుంటే హాలు అద్దాలకి చెమట పట్టింది, తలుపులు తెరవాల్సి వచ్చింది. పాస్టరు గారి మిరపకాయ ఒకటి తెలియక కొరికి, లాక్లన్ హాలంతా పరుగులు పెట్టాడు. అందరూ కొత్త నాట్యమనుకుని వెనకే పరుగెత్తారు.

ఆదివారం తెల్లవారేసరికి పడమటి నుంచి గాలి లేచింది. సోమవారం ఓడ వచ్చింది. తాడు ఇప్పుడు వేరే ఎవరో పడుతున్నారు గానీ, మార్సలి గట్టుమీదే ఉంది. రోనా చేతిలో సంచీతో దిగింది. అందులో ఏడు చిన్న మీటర్లు ఉన్నాయి. గోడ ప్లగ్గుకీ సామానుకీ మధ్య బిగిస్తే ఏది ఎంత తాగుతుందో అంకెల్లో చూపించేవి, ఈలలు వెయ్యనివి.

"ఇవి ఇంటింటికీ అరువివ్వాలి పిన్నీ. ఎవరు చూసుకుంటారు?"

సంఘం వాళ్ళు తలలు గీరుకున్నారు. అబద్ధాల డబ్బాతో ఊరిని ఆడించిన మనిషికి మళ్ళీ ఇదా అని ఒకరిద్దరు గొణిగారు. పేగీ పెద్దమ్మే తేల్చింది. "అబద్ధాల డబ్బాతోనే అంత పని చేసింది. నిజమైనది ఇస్తే ఏం చేస్తుందో చూద్దాం."

రేవులో ప్రయాణికులు కూర్చునే గదిలో ఒక అలమర కేటాయించారు. మీటర్లు, సందులు కనిపెట్టే బాతు ఈకలు, గడ్డిపెట్టెలు, తలుపు సందులకి చుట్టలు, డెంజిల్ చేత్తో రాసిన పుస్తకం. ఎవరికేది కావాలన్నా తీసుకెళ్ళొచ్చు, వారంలో తిరిగివ్వాలి. మార్సలి పొద్దున పదింటికి వచ్చి, టోపీ లేకుండా, చెవి మిషను కనబడేలా జుట్టు వెనక్కి దువ్వుకుని కూర్చునేది. మీటరు తీసుకోవడానికి వచ్చినవాళ్ళని ముందు కూర్చోమనేది. దాన్ని మొదట దేనికి బిగించాలనుకుంటున్నారో అడిగేది. అడిగాక వాళ్ళ మొహంలోకి చూసేది. చాలామంది అక్కడే నిజం చెప్పేసి, మీటరు తీసుకోకుండానే ఇంటికెళ్ళి ప్లగ్గు పీకేసేవారు.

అందుకేనేమో, ఆ ఏడు మీటర్లలో రెండు ఇప్పటికీ కొత్తవాటిలాగే మెరుస్తుంటాయి.